దారం కట్టిన మందారం

ఆ రోజుల్లో ఇరవై రెండేళ్లు నిండగానే మగవాడికి పెళ్లి, పెళ్లి కాగానే గొప్పలు చెప్పుకునే జబ్బు వరసగా వచ్చేవి. మొదటిది పెద్దలు కుదిర్చేవారు, రెండోది మనమే తెచ్చుకునేవాళ్లం. ప్రత్యేక రాష్ట్రం గొడవలన్నీ సద్దుమణిగి బస్సులు మళ్లీ సరిగ్గా తిరుగుతున్న ఏడు, మాఘమాసంలో, కోదాడలో నా పెళ్లయింది. అప్పుడు నేను సూర్యాపేట తాలూకా కచేరీలో కొత్త గుమాస్తాను. పీటల మీద నుంచి లేచాక పెళ్లికూతురు నాతో అన్న మొదటి మాట, "మీ ఊళ్లో పూలు దొరుకుతాయాండీ?" అని. "దొరకకపోవుడేంది! మా ఇంటి ముంగట ముద్దమందారాలే. రోజుకు ఇరవై పూస్తయి" అనేశాను. (అప్పటికి నా కిరాయి ఇంటి ముందు ఉన్నవి ఒక నీళ్ల గోలెం, ఇంటి యజమానురాలు పెద్దవ్వ మేక.) ఆ అమ్మాయి ముఖం వెలిగిపోయింది. శ్రావణంలో కాపురానికి వస్తుంది. ఆలోగా వాకిట్లో మందారం పూయకపోతే, కట్టుకున్న మనిషితో నేనన్న మొదటి మాటే అబద్ధమైపోతుంది.

మరుసటి ఆదివారమే మిర్యాలగూడలో మా మేనత్త పెరట్లో తేలాను. "నందివర్ధనం తీస్కపోరా, ఎవ్వలు సూడకున్నా పూస్తది" అంది అత్త. తెల్లపూలు నా గొప్పకు చాలవనిపించింది. గన్నేరు దగ్గర ఆగాను గానీ, పెద్దవ్వ మేక దాన్ని నమిలితే మేకా పోతుంది, నా కిరాయి ఇల్లూ పోతుంది. చివరికి ముద్దమందారం కొమ్మలు రెండు తడిగుడ్డలో చుట్టి తెచ్చాను. నిటారుగా ఉన్నది నేను వాకిట్లో నాటుకుని, వంకరది పెద్దవ్వకిచ్చాను. ఆమె దాన్ని స్నానాల నీళ్లు పోయే జాలారు పక్కన గుచ్చి చేతులు దులుపుకుంది.

నా మందారానికి నేను చేసిన సేవ మా నాయనకు చేసి ఉంటే ఆస్తి మొత్తం నా పేరే రాసేవాడు. పూటపూటకు నీళ్లు, వారం వారం పేడ ఎరువు, చుట్టూ తుమ్మకంప. తలంటు రోజున పెద్దవ్వ నూరుకోవడానికి నాలుగాకులు తెంపబోతే ఇంతెత్తున లేచాను. "ఆకు తెంపితే సెట్టు సస్తదా బిడ్డా? కొసలు జర తుంచాలె. అప్పుడే కొమ్మలేస్తది, మొగ్గ పడ్తది" అంది ఆమె. "నాకు తెలుసు తియ్యవ్వా" అన్నాను. (నాకు తెలిసింది అర్జీలు నకలు తీయడం ఒక్కటే.) ఆమె తన చెట్టు ఆకులే తెంపుకుని తలకు పెట్టుకునేది, కొసలు మేక కొరికేది. శ్రావణం వచ్చేసరికి నా చెట్టు నా ఛాతీ దాకా పెరిగింది. ఒక్క మొగ్గ లేదు. జాలారు పక్కన మోకాలెత్తు చెట్టు మాత్రం ఎర్రగా విరగబూసింది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది.

మా ఆవిడ వచ్చే రోజు పొద్దున, పెద్దవ్వ కాళ్లు పట్టుకున్నంత పనిచేసి తొమ్మిది పూలు అడుక్కుని, కచేరీలో కాగితాలు కుట్టే తెల్లదారంతో వాటిని నా చెట్టుకు కట్టాను. "పెండ్లాం వస్తుందంటే సెట్టుకు గూడ ముస్తాబా!" అని పెద్దవ్వ నోట్లో కొంగు కుక్కుకుంది. మధ్యాహ్నం రావలసిన బస్సు దారిలో చెడిపోయి సాయంత్రం వచ్చింది. అప్పటికి తొమ్మిది పూలూ వాడి తలలు వేలాడేశాయి. వెంట వచ్చిన మామగారు వాకిట్లోనే ఆగిపోయారు. "చెట్టు భలే పెంచారే అల్లుడుగారూ! పూలేంటి మరి, ఇలా వేలాడుతున్నాయి?" అంటూ ఒక పువ్వు మీదికి చెయ్యి చాపారు. ఇంతలో ఆమె, "పొద్దుగూకే వేళ ఎవరైనా పూలు కోస్తారా నాన్నా?" అంది. ఆయన చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుని, చెంపలు వేసుకుని, కాళ్లు కడుక్కోవడానికి వెళ్లారు. బతికిపోయాననుకుంటుండగా ఆమె నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "దారం కనబడుతోందండీ" అంది. తలెత్తి చూడలేకపోయాను గానీ, ఆ గొంతులో కోపం లేదు. ఆ క్షణంలోనే ఆమె నాకు బాగా నచ్చేసింది.

మర్నాడు మామగారి బస్సు కదలగానే ఆమె తొమ్మిది ముడులూ విప్పి, దారం ఉండచుట్టి, "కచేరీలో అడుగుతారేమో" అని నా జేబులో వేసింది. తరువాత పెద్దవ్వ దగ్గర కొడవలి తీసుకుని నా చెట్టును సగానికి నరికింది. నేను లబోదిబోమంటుంటే ఇద్దరూ ఆకులు నూరుకుని హాయిగా తలంటుకున్నారు. బతుకమ్మ నాటికి చెట్టు పూసింది. ఇరవై కాదు, పదకొండు. నన్ను పక్కన నిలబెట్టి మరీ లెక్కపెట్టించింది.

ఇప్పుడు ఆమెకు చూపు బాగా తగ్గింది, సూదిలో దారం కూడా నేనే ఎక్కించి ఇవ్వాలి. నిన్న మనవరాలిని కూర్చోబెట్టుకుని, ఆ కాలంలో సూర్యాపేటలో నా అంత పూలతోట పెంచినవాడు లేడని చెబుతున్నాను. లోపలి గదిలోంచి నిదానంగా వినిపించింది, "దారం కనబడుతోందండీ."