ఎపరామ ఎడమ మోకాలు

వైలేకా ఊరి స్టాపులో ఒక పెద్ద నల్లరాయి ఉంది. ముసలమ్మలు దిగే రోజున ఎపరామ తన బస్సును ఆ రాయిని ఆనుకునేంత దగ్గరగా తెచ్చి ఆపుతాడు. ఆఖరి మెట్టు ఎత్తు అనిపించకుండా వాళ్లు రాయిమీద కాలు పెట్టి దిగుతారు. వయసులో ఉన్నవాళ్లు దిగేటప్పుడు మాత్రం నాలుగడుగులు అవతల ఆపి, "కాళ్లున్నాయిగా, దూకండి" అంటాడు. సింగతోకా లోయలో ముప్ఫై ఒక్క ఏళ్లుగా బస్సు నడుపుతున్న మనిషికి ఆ మాత్రం పెత్తనం ఉండాల్సిందే.

అతను మాత్రం దూకలేడు. ఇరవై రెండేళ్ల వయసులో జిల్లా జట్టుకి రగ్బీ ఆడుతూ ఎడమ మోకాలు పోగొట్టుకున్నాడు. ఆ ఆటకి ముందు వారమంతా మోకాలు వాచే ఉంది. సంగతి వాళ్ల నాన్నకి తెలుసు. ఊరి కుర్రాడు జిల్లాకి ఆడుతున్నాడన్న సంబరంలో ఆయన నోరు విప్పలేదు. సగం ఆట కాకముందే ఎపరామని నలుగురు మోసుకుంటూ బయటికి తెచ్చారు. మళ్లీ మైదానంలోకి అడుగు పెట్టలేదు. ఆ తర్వాత బస్సు దొరికింది. క్లచ్ తొక్కేది ఎడమకాలితోనే కదా. లోయ ఎక్కేటప్పుడు గేరు మార్చిన ప్రతిసారీ మోకాలు పాత సంగతి గుర్తు చేస్తూనే ఉంటుంది. నాన్న మీద అతనికి కోపమేమీ లేదని ఊళ్లో అందరూ అనుకుంటారు. చాలా కోపముంది. చచ్చిపోయిన మనిషి మీద ఏం చూపిస్తాం అని ఊరుకున్నాడు, అంతే.

అలాంటి వాడి కొడుకు లెపాని ఇప్పుడు దేశం జట్టులో పద్నాలుగో నంబరు. ఇరవై మూడేళ్లు. బంతి చేతిలో పడితే గీత పక్కనుంచి గాలిలా పోతాడు. శనివారం రాజధాని సువాలో పక్క ద్వీపదేశం తోంగాతో ఆట. జట్టులో ఎవరుంటారో బుధవారం రాత్రి సువాలో ముగ్గురు సెలెక్టర్లు కూర్చుని తేలుస్తారు. ఆ ముగ్గురిలో ఒకడు మలకాయ్. ఎపరామ భార్య మెరెవైకి స్వయానా అన్న, లెపానికి మేనమామ.

బుధవారం మధ్యాహ్నం మలకాయ్ తల్లిని చూసిపోదామని ఊరికి వచ్చాడు. నాలుగింటికి జీపెక్కి తిరిగి వెళ్లిపోవాలి. వచ్చినవాణ్ణి ఊరు ఊరికే వదులుతుందా? మైకా మాస్టారి ఇంట్లో చాప పరిచి, యంగోనా మొక్క వేళ్లు దంచి నీళ్లలో కలిపిన పెద్ద చెక్క గిన్నె మధ్యలో పెట్టి, చుట్టూ చేరారు. కొబ్బరి చిప్ప చేతులు మారుతోంది. తాగినప్పుడల్లా చప్పట్లు. ఎపరామ బస్సును రాయి దగ్గర నిలిపి వచ్చి, మలకాయ్ పక్కనే కూర్చున్నాడు.

"పద్నాలుగు ఎవరికి? ముందు అది చెప్పు," అంది సెరా. ఊళ్లో ఉన్న ఒక్క కొట్టూ ఆమెదే. ఆట గురించి ఆమె మాట్లాడుతుంటే మగాళ్లు కూడా నోరు మూసుకుని వింటారు.

"చెప్పకూడదు సెరా. నా పదవి పోతుంది."

"జీతం లేని పదవి. పోతే ఎంత, ఉంటే ఎంత," అన్నాడు మైకా మాస్టారు. "సమోవా మీద బంతి గీత దాటించి రెండు ట్రైలు చేసిన కుర్రాణ్ణి పక్కన పెడతారా? మీ ముగ్గురికీ మతి పోయిందా ఏంటి?"

"అది మే నెలలో సంగతి మాస్టారూ," అంది సెరా. "మొన్నటి రెండాటలు చూశారా మీరు? బంతి చేతికొస్తే చాలు, ఎడమకే తిరుగుతున్నాడు. ఒక్కసారన్నా కుడికి తిరిగాడా? తోంగా వాళ్లకి కళ్లు లేవా?"

"అది ఎత్తుగడ."

"ఎత్తుగడా నా మొహమా. ఫ్రాన్సు క్లబ్బువాళ్లు శనివారం చూడ్డానికి వస్తున్నారంట. వాళ్లకోసం ఒళ్లు దాచుకుంటున్నాడు. నన్నడిగితే ఆ చోటుకి రెండోవాడు, కిటియోనేని దింపాలి. వాడు నడుం పట్టుకున్నాడంటే ఎద్దయినా కూలబడాల్సిందే."

"కిటియోనే పరిగెత్తితే మా ముసలిది దాటేసి పోద్ది."

"పరిగెత్తక్కర్లేదు, ఆపితే చాలు."

ఎపరామ చిప్ప చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. కుర్రాడు కుడికి ఎందుకు తిరగడం లేదో ఆ గదిలో అతనొక్కడికే తెలుసు. కుడికి తిరగాలంటే ఎడమకాలు నేలకేసి తన్నాలి.

పోయిన ఆదివారం లెపాని శిక్షణ శిబిరం నుంచి ఒక్కరోజు సెలవు మీద ఇంటికొచ్చాడు. ఇంటి మెట్లెక్కుతుంటే ఎపరామ చూశాడు. ప్రతి మెట్టుకీ కుడికాలే ముందు. ఎడమకాలు వెనకనించి వచ్చి దాని పక్కన ఆగుతోంది. తన నడకే అది. ఆ సాయంత్రం తల్లి నూనె రాస్తుంటే మోకాలు చూశాడు. సీమపనస కాయంత వాచి ఉంది. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. సువాలో ఎవరికీ తెలియకుండా సొంత డబ్బులతో ఒక డాక్టరుకి చూపించుకున్నాడట. లోపలి నరం సగం తెగిందట. ఆర్నెల్లు కదలకుండా ఉంటే అతుక్కుంటుంది, ఆడితే మిగతా సగం కూడా పోతుంది, ఇక జన్మలో పరుగుండదు అన్నాడట ఆ డాక్టరు. "శనివారం ఒక్కటే నాన్నా," అన్నాడు లెపాని. "నొప్పి తెలీకుండా సూది వేయించుకుని ఆడేస్తా. వాళ్లు సంతకం పెట్టించుకున్నాక చూసుకుందాం. ఎవరికీ చెప్పకు. మావయ్యకి అసలే చెప్పకు." ఎపరామ తలూపాడు. ఊపకపోతే కుర్రాడు అన్నం ముట్టేలా లేడు.

మెరెవై అయినా అన్నతో చెబుతుందా అంటే, చెప్పలేదు. మా వైపు పెళ్లయిన చెల్లెలు అన్నతో ఎదురుగా కూర్చుని మాట్లాడదు. అన్న వస్తే ఆమె లోపలి గదిలోకి వెళ్లిపోతుంది. అదేం ఆచారమో నన్నడక్కండి, నేనూ పాటిస్తున్నాను. బావా బావమరుదులకి మాత్రం ఏ అడ్డూ లేదు. ఎంత మాటైనా అనుకోవచ్చు, పడినవాడు నవ్వాల్సిందే. మొహం మాడ్చుకున్నాడంటే వాడి పరువే పోతుంది.

"ఏం బావా," అన్నాడు మలకాయ్ అతని తొడమీద చరిచి. "బస్సు తిప్పడం నేర్చావు గాని కొడుక్కి కుడి ఎడమలు నేర్పలేకపోయావే."

అందరూ నవ్వారు. గోడ గడియారంలో మూడూ పది. ఇదే అదను అనుకున్నాడు ఎపరామ. అక్కడే పొరపాటు చేశాడు.

"వాడి మోకాలు పోయింది బావా. సగం తెగింది. వాణ్ణి తీసుకోకు."

 మాస్టారు పొలమారేలా నవ్వాడు. సెరా చాపమీద చరిచింది. మలకాయ్‌కి నవ్వీ నవ్వీ కళ్లలో నీళ్లొచ్చాయి.

"చూశారా, మా బావ ఎత్తు. పోయినేడాది ఒక పెద్దమనిషి ఇలాగే మావాడికి జ్వరం, పనికిరాడు అన్నాడు. ఆ కుర్రాడొచ్చి మూడు ట్రైలు చేసిపోయాడు. సొంత కొడుకుని పొగుడుకునే తండ్రి మనలో ఎక్కడున్నాడు?"

"నిజం బావా."

"నిజమే మరి. నీ మోకాలు పోయిందిగా. మీ ఇంటిల్లిపాదికీ కలిపి ఒకటే మోకాలా ఏంటి?"

మళ్లీ నవ్వులు. ఎపరామ నవ్వలేదు. నవ్వకపోవడం కూడా నటన అనుకుని ఇంకా నవ్వారు.

"సరే, చెప్పేస్తున్నా," అన్నాడు మలకాయ్ కళ్లు తుడుచుకుంటూ. "మేనల్లుణ్ణి వేసుకున్నాడు అంటారని ఇప్పటిదాకా ఊగిసలాడాను. తండ్రే ఇంతలా తీసిపారేస్తున్నాడంటే కుర్రాడు గుర్రంలా ఉన్నట్టే. పద్నాలుగు లెపానిదే, పోండి."

మాస్టారు చప్పట్లు కొట్టాడు. సెరా మూతి తిప్పుకుంది.  ఆపుదామని నోరు తెరిచి, ఎపరామ తనే కొడుకుని మైదానంలోకి తోశాడు.

లేచి గబగబా ఇంటికి నడిచాడు. మెరెవై పెరట్లో కర్రపెండలం చెక్కు తీస్తోంది. అతను మాట్లాడకుండా స్టూలెక్కి, దూలం మీదనుంచి యంగోనా వేళ్ల కట్ట దించాడు. ఐదేళ్లు ఎండిన మంచి వేళ్లు. లెపాని ఫ్రాన్సు వెళ్లేరోజు ఊరి పెద్దకి పెట్టి దీవెన అడగాలని ఇద్దరూ దాచి ఉంచింది.

మెరెవై కత్తి కింద పెట్టింది. అతను ఎక్కడికి తీసుకెళుతున్నాడో ఆమెకి చెప్పక్కర్లేదు.

"వాడు జన్మలో నీతో మాట్లాడడు," అంది.

"మాట్లాడకపోతే మానె. నడవనీ."

ఆమె కళ్లు తుడుచుకుని, కట్టకు అంటిన దుమ్ము తన పైటచెంగులాంటి పైబట్టతో తుడిచి ఇచ్చింది.

మాస్టారింటికి వచ్చేసరికి మూడూ నలభై. మలకాయ్ జీపు తాళాలు తీసుకుని లేచి నిలబడ్డాడు. ఎపరామ తన పాత చోటికి వెళ్లలేదు. గుమ్మం పక్కన, గిన్నెకి దిగువన, అందరికంటే కింద కూర్చున్నాడు. మడతపడని ఎడమకాలిని చేత్తో లాగి మడిచాడు. కట్ట ముందు పెట్టి, తల వంచి, అరచేతులు గుల్లచేసి మూడుసార్లు చప్పట్లు కొట్టాడు.

నవ్వుతున్న సెరా నోరు టక్కున మూతపడింది. మాస్టారు చిప్ప కింద పెట్టాడు. మలకాయ్ నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలబడ్డాడు.

"అయ్యా," అన్నాడు ఎపరామ. బావా అనలేదు. "మీరు పెద్దలు, దేశం జట్టుని ఎంచేవారు. చిన్నది, ఎండుది, మీ ముందు పెట్టడానికి తగనిది ఈ కట్ట. దీనిమీద ఒక మాట తెచ్చాను. నా కొడుకు ఎడమ మోకాలు లోపల సగం తెగింది. డాక్టరు చూశాడు. వాడు మీ దగ్గర దాచాడు. ఆడితే నాలాగే అవుతాడు. వాణ్ణి జట్టులోంచి తీసేయమని అడుగుతున్నాను. నా మాట పెద్దది, నా కట్ట చిన్నది. మన్నించండి."

 మలకాయ్ కట్టవైపే చూస్తున్నాడు. ముట్టుకుంటే మాట ఒప్పుకున్నట్టే. ముట్టాక దాన్ని బయట చెప్పుకోకూడదు, వెనక్కివ్వకూడదు, నవ్వకూడదు. చెయ్యి చాపి మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

"ఈ మాట మీదా, మీ అబ్బాయిదా?" అన్నాడు. అతనూ మీరు అన్నాడు.

"నాదే. వాడు చెప్పొద్దన్నాడు."

"శనివారం ఫ్రాన్సు వాళ్లు వస్తున్నారు. తెలుసుగా?"

"తెలుసు."

"మళ్లీ వస్తారో రారో. అదీ తెలుసుగా?"

"తెలుసు."

 మలకాయ్ వంగి, రెండు చేతులతో కట్టను ముట్టుకున్నాడు. "అందింది," అన్నాడు.  గదిలో ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు.  మలకాయ్ వెళుతూ ఎపరామ భుజం మీద చెయ్యేశాడు గాని, పరాచికం ఒక్కటీ ఆడలేదు. అది చూసి ఎపరామకి ఇంకా భయమేసింది.

గురువారం సాయంత్రం బస్సులో రేడియో జట్టుని చదివింది. పద్నాలుగు, కిటియోనే. లెపానిని ఎందుకు తీశారంటే, ఫామ్ బాగోలేదని సెలెక్టర్ మలకాయ్ అన్నాడట. బస్సంతా గోలెత్తింది. సొంత మేనల్లుడి నోటి దగ్గర కూడు లాగేశాడన్నారు, కిటియోనే ఊరివాళ్ల దగ్గర లంచంగా పంది తిన్నాడన్నారు. వెనక సీట్లో కూర్చున్న సెరా, మాస్టారు ఒక్క మాట మాట్లాడలేదు. బావ ఎవరి పేరూ చెప్పకుండా నింద తన మీదేసుకున్నాడని ఎపరామకి అర్థమైంది.

శుక్రవారం మధ్యాహ్నం సింగతోకా టౌను స్టాండులో లెపాని సంచీతో బస్సెక్కాడు. ఎప్పటిలాగే తండ్రి వెనక ముందు సీట్లో కూర్చున్నాడు. బస్సు టౌను దాటింది.

"మావయ్య నన్ను ముంచేశాడు నాన్నా," అన్నాడు. "మేనల్లుణ్ణి. నన్ను. ఫామ్ బాగోలేదంట. ఇంక ఆయన మొహం చూడను. ఆయన చచ్చినా రాను."

ఎపరామ క్లచ్ తొక్కి గేరు మార్చాడు. మోకాలు సలిపింది. ఊరుకోవచ్చు. బావ ఊరుకోమనే కదా అలా చెప్పాడు. ఊరుకుంటే కొడుకు మిగులుతాడు, బావ పోతాడు. తన తండ్రి కూడా ఒక వారమంతా ఇలాగే ఊరుకున్నాడు.

కొండ మలుపులో బస్సును పక్కకి తీసి ఆపాడు. వెనక్కి తిరిగాడు.

"మావయ్య కాదురా. నేను. యంగోనా పెట్టి అడిగాను."

లెపాని అర్థం కానట్టు చూశాడు. అర్థమయ్యాక మొహం నల్లబడింది.  లేచి, సీట్ల మీద చేతులాన్చుకుంటూ, బస్సు చిట్టచివరికి వెళ్లి కూర్చున్నాడు. ముందు కూర్చున్నవాళ్లంతా కిటికీల్లోంచి బయటికి చూశారు. మిగిలిన దారంతా ఎపరామ అద్దంలోకి చూడ్డానికి ధైర్యం చేయలేదు.

వైలేకా వచ్చింది. దిగేది లెపాని ఒక్కడే. ఎపరామ బస్సును మెల్లగా, అంగుళం అంగుళంగా నల్లరాయికి ఆనించి ఆపాడు.

లెపాని ముందుకొచ్చి మెట్టు మీద ఆగాడు. కింద రాయిని చూశాడు. 

"ముసలమ్మల్ని దింపినట్టు దింపుతున్నావా నన్ను?" అన్నాడు.

"దిగు," అన్నాడు ఎపరామ.

లెపాని కడ్డీ పట్టుకుని ఎడమకాలు రాయిమీద పెట్టాడు. తర్వాత కుడికాలు. అక్కడినుంచి గడ్డిమీదకి. ఇంటివైపు కుంటుకుంటూ నడిచాడు, వెనక్కి చూడలేదు. వాడు గుమ్మం చేరేదాకా ఎపరామ క్లచ్ మీంచి కాలు తీయలేదు.