తడిసిన రెక్కలు

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఆళ్లగడ్డకు తిరిగొచ్చిన అబ్దుల్ రహిమాన్ చుట్టూ ఊరి జనం మూగేవారు. పరుగు తీయకుండా నిలబడిన చోటి నుంచే పైకి లేచే హెలికాప్టరును చూసినవాడు ఆ ప్రాంతంలో అతనొక్కడే. ఎవరైనా ఆ ఊసెత్తితే రహిమాన్ తల దించుకుని సైకిల్ రిపేరులో పడేవాడు. అది అణకువేనని భార్య జైతున్‌బీ అనుకునేది.

సంగతి వేరు. బర్మా సరిహద్దున ఒక విమానాల మైదానంలో అతను విడిభాగాల కొట్టు చూసేవాడు. అడవిలో గాయపడ్డ సిపాయిలను తెచ్చే హెలికాప్టరు అక్కడ ఒక్కటే ఉండేది. దాని రెక్కలు కర్రతో చేసి గుడ్డ తొడిగినవి. నానితే పనికిరావు. పాతవి చెడిపోయాయి. కొత్త రెక్కల పెట్టె వచ్చిన సాయంత్రం దాన్ని వెంటనే లోపల పెట్టించమని సార్జెంటు చెప్పి వెళ్లాడు. అవతలి గుడారంలో గ్రామఫోను మోగుతోంది. ఒక్క పాట విని వద్దామని రహిమాన్ అటు నడిచాడు. ఇంతలో వాన విరుచుకుపడింది.

మరునాడు పెట్టె విప్పితే రెక్కలు ఉబ్బిపోయి ఉన్నాయి.

"దారిలోనే తడిసినట్టుంది సార్" అన్నాడు రహిమాన్. సార్జెంటు నమ్మాడు. ఇంకో జత వచ్చేదాకా హెలికాప్టరు నేల వదల్లేదు.

ఊళ్లో ఒకనాడు చంకకర్రల మీద ఒక మనిషి అతని అంగడికొచ్చాడు. వెలుగోడు ఊరి రంగయ్య, మాజీ సిపాయి.

"అన్నా, హెలికాప్టరు కాడ పనిచేసినోడివి నువ్వేనంట గదా. ఒక మాట అడగాలని వచ్చినా."

"ఏందప్పా?"

"నా కాలికి గుండు తగిలినప్పుడు అది వస్తాదన్నారు. ఆకాశం తట్టు చూసుకుంటా పడుకున్నా. రాల్యా. డోలీలో మోసుకొచ్చేసరికి కాలు కుళ్లిపాయ. ఏమాయనన్నా దానికి? కూల్చినారా?"

ఔనంటే సరిపోయేది. రహిమాన్ నోట ఆ మాట రాలేదు. జరిగిందంతా చెప్పాడు. టీ తెచ్చిన జైతున్‌బీ గుమ్మంలోనే నిలబడిపోయింది.

రంగయ్య, "ఏం పాటన్నా అది?" అని అడిగాడు.

"గుర్తు ల్యాదప్పా."

రంగయ్య కర్రలు అందుకున్నాడు. "కూల్చినారనే మాయమ్మకు చెప్పినా. ఆమెకు నిజం చెప్పాకు" అని, టీ ముట్టకుండా వెళ్లిపోయాడు.

రహిమాన్‌కు అన్నం సహించలేదు. క్షమించమని అడగడానికి వెలుగోడు వెళ్లాడు. రంగయ్య పలకరించలేదు గానీ, హెలికాప్టరు దగ్గర పనిచేసినవాడని విని అతని తల్లి లింగమ్మ ఎదురొచ్చి కూర్చోబెట్టి సంగటి పెట్టింది.

"నా బిడ్డ కోసరం వస్తా కూలిపోయినోళ్లు నీతో పనిచేసినోళ్లే గదా నాయనా. వాళ్లకు దినామూ దీపం పెడతాండా. వాళ్ల పేర్లేంది? చెప్తే తలుచుకుంటా."

రహిమాన్ రంగయ్య వైపు చూశాడు. రంగయ్య గోడ వైపు తిరిగాడు.

"పేర్లు తెలీవమ్మా" అన్నాడు రహిమాన్. ఆ ముసలి చేయి ఇంకో ముద్ద వడ్డించింది. అతను తిన్నాడు.

క్షమాపణ మాట ఎత్తకుండానే ఆళ్లగడ్డ బస్సెక్కాడు. వెలుగోడు మళ్లీ వెళ్లలేదు. అప్పటి నుంచి హెలికాప్టరు గురించి అడిగిన ప్రతివాడికీ తన వల్ల నానిన రెక్కల సంగతి చెప్పేవాడు. కొన్నాళ్లకు అడిగేవాళ్లు లేకపోయారు.