ఎస్టేట్ బాకీ

మా అత్తగారి అన్నయ్య పోయాక ఏడాది పొడుగునా మా ఇంట్లో ఒకటే పోట్లాట, లెవీ గురించి. కాకినాడలో పుట్టి పెరిగిన నాకు లెవీ అంటే మిల్లులవాళ్లు సర్కారుకు పోసే బియ్యం. లెక్కల టీచరు ఉద్యోగం మీద దక్షిణాఫ్రికాలో పోర్ట్ షెప్‌స్టన్ వచ్చి, పక్కనే మార్‌బర్గ్‌లో, తాతల నాడే ఇక్కడికొచ్చిన తెలుగువాళ్లింటి కోడలినయ్యాక ఆ మాటకు ఇంకో అర్థం తెలిసింది. గేటూ గోడా కాపలా ఉన్న కాలనీలో ఇల్లుంటే, వాటి ఖర్చుకు ఇళ్లవాళ్లంతా నెలనెలా సంఘానికి కట్టే సొమ్ము అది. ఇంటి మనిషి ఉన్నా పోయినా ఆగదు.

పెద్దాయన పెళ్లి చేసుకోలేదు. జీవితమంతా బస్సు నడిపారు. అన్ని రంగులవాళ్లకూ ఓటొచ్చిన తొలి ఎన్నికలైన మరుసటేడు, రిటైరైన డబ్బంతా పెట్టి, సముద్రానికి ఎదురుగా కొండ మీద కొత్తగా కట్టిన కాలనీలో ఇల్లు కొన్నారు. అంతకుముందు ఆ వైపు మనవాళ్లు ఇల్లు కొనడానికి చట్టం ఒప్పుకునేది కాదు. పైగా ఒకప్పుడు ఆ కొండంతా చెరుకు. అన్నాచెల్లెళ్లిద్దరూ పుట్టింది ఆ చెరుకు ఎస్టేట్ కూలీలకు వేసిన వరస ఇళ్ల లైన్లలోనే. కాలనీ కట్టినవాళ్లు ఆ పాత పేరునే, చివర ఎస్టేట్‌తో సహా, గేటు మీద చెక్కించారు. అదేదో గొప్పనుకున్నారు కాబోలు.

పరదాలు కుట్టించుకోవడం కూడా పూర్తి కాకముందే ఆయన గుండె ఆగిపోయింది. వీలునామా లేదు. పెళ్లాం పిల్లలు లేరు కాబట్టి ఇల్లు చెల్లెలికి వస్తుంది. వస్తుందంటే చేతికి వచ్చేసినట్టు కాదు. చనిపోయినవాళ్ల ఆస్తులు చూసే ఆఫీసు పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో ఉంది. అక్కడివాళ్లు మా ఆయనకు అధికార పత్రం ఇచ్చేదాకా పెద్దాయన బ్యాంకు ఖాతా ముట్టుకోకూడదు. కొత్త ప్రభుత్వం పాత ఆఫీసులను విడదీసి మళ్లీ కలుపుతున్న రోజులవి. మా ఫైలు ఏ గదిలో ఉందో చెప్పే నాథుడు లేడు.

ఈలోగా సంఘం నుంచి నోటీసులు. ముందు మర్యాదగా, తర్వాత వడ్డీతో, ఆ తర్వాత లాయరు సంతకంతో. కట్టకపోతే కోర్టుకెళ్లి ఇల్లు వేలం వేయిస్తామన్నారు. మా జీతాల్లోంచి కట్టేద్దామని మా ఆయన చెక్కు పుస్తకం తీశారు. అత్తగారు ఆ చేతి మీద చెయ్యి వేసి నొక్కేశారు.

"ఎస్టేట్‌కి మావేటి బాకీరా? మా తాత గిర్మిట్ ఎప్పుడో అయిపోనాది. ఒక్క సెంటు కట్టినావంటే నా మీద ఒట్టే!"

గిర్మిట్ అంటే వాళ్ల తాతను ఓడెక్కించిన కూలి ఒప్పందం. నేనది ఎత్తిపొడుపు అనుకున్నాను. గేటు పెట్టుకుని దొరతనం చూపిస్తున్నారని ఆవిడ కడుపుమంట అనుకున్నాను. మా ఆయన ఇంగ్లీషులో బతిమాలేవారు, ఆవిడ తెలుగులో తిట్టేవారు, నేను మధ్యలో అన్నం వడ్డించేదాన్ని. వడ్డీ, లాయరు ఫీజు కలిసి బాకీ మా జీతాలకు అందనంత పెరిగింది. కోర్టు గడువు దగ్గరపడే కొద్దీ నాకు ఇద్దరి మీదా ఒళ్లు మండేది. ఆవిడకేమో గడువు పట్టలేదు. అన్న సంవత్సరీకం అన్న ఇంట్లోనే జరగాలి, ఆవిడకు కావలసిందల్లా అదే.

దానికి ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. ఈ కుటుంబాల్లో ఏడాది పెట్టేలోపు, పోయినవాళ్లు తిరిగిన చోటల్లా తిరిగి, ఏమైనా బాకీ ఉన్నారా అని అడగాలి. బాకీ ఉన్న మనిషి విస్తరి ముందుకు రాడట. అత్తగారు నన్ను వెంటబెట్టుకుని కిరాణా కొట్టుకీ మాంసం కొట్టుకీ పరదాలు కుట్టిన దర్జీకీ వెళ్లారు. కిరాణాయన, "నో ఆంటీ, ఆయన ఎప్పుడూ రొక్కమే" అన్నప్పుడు ఆవిడ మొహం చూడాలి, పిల్లాడికి ఫస్టు మార్కు వచ్చినట్టు వెలిగింది.

సంవత్సరీకం రోజు పొద్దున్నే గారెలు, గోంగూర పచ్చడి, పరమాన్నం వండి, ఆయనకు ఇష్టమని డబ్బాపాల టీ ఫ్లాస్కులో పోసుకుని బయల్దేరాం. కాలనీ గేటు దగ్గర మా ఆయన కార్డు చూపిస్తే అడ్డకర్ర లేవలేదు. తిప్పి చూపించినా లేవలేదు. కాపలా ఆవిడ బయటికొచ్చి, "సారీ మా, ఈ కార్డు ఆపేశారు" అని మేనేజరుకు ఫోన్ చేసింది.

మేనేజరు వచ్చాడు. గొంతు పెంచలేదు, అందుకే ఇంకా కాలింది నాకు. బాకీ తీరేదాకా సభ్యుల కార్డు పనిచెయ్యదనీ, రూలు అందరికీ ఒకటేననీ అన్నాడు. మా వెనక కార్లు చేరి హారన్లు కొడుతున్నాయి. ఒళ్లో గిన్నెలు చల్లారిపోతున్నాయి. మా ఆయన మెడ మీద నరం ఉబ్బింది. ఇక్కడేదో గొడవ జరిగిపోతుందని ఆయన చొక్కా పట్టుకుని ఆపాను.

అత్తగారు కారు దిగారు. సంచీలోంచి ఆఖరి నోటీసు తీసి అతని మొహం ముందు ఊపారు.

"నా అయ్య ఈ కొండ మీదే చెరుకు కొట్టినాడు. ఒక్క పూట లేటైతే వారం కూలీ కోసీసినారు. ఇప్పుడు నా అన్న సచ్చినాక కూడా లేటంటన్నారు. సూడవే కోడలా, నువ్వు సదువుకున్నావు గదా. ఏటి రాసినాడో సూడు!"

ఆవిడ వేలు పెట్టిన చోట చూశాను. ఎస్టేట్ లేట్, దాని పక్కన పెద్దాయన పేరు. ఆవిడకు ఇంగ్లీషు చదువు అంతంత మాత్రమే, కానీ వాళ్ల నాన్న కూలి చీటీ మీద చూస్తూ పెరిగిన ఆ రెండు మాటలు మాత్రం ఎక్కడున్నా గుర్తుపడతారు. ఏడాదిగా ఆ నోటీసులన్నీ పాత చెరుకు కంపెనీ పంపిస్తోందనుకున్నారావిడ.

"అత్తయ్యా, ఇది చెరుకు ఎస్టేట్ కాదండీ. మనిషి పోయాక అతని ఆస్తీ అప్పూ కలిపి కాగితాల్లో ఎస్టేట్ అని రాస్తారు. లేట్ అంటే ఆలస్యమని కాదు, పోయారని. ఇక్కడ ఎస్టేట్ అంటే మీ అన్నయ్యగారే."

"మరి బాకీ ఎవుల్ది?"

చెప్పక తప్పలేదు. "మీ అన్నయ్యగారిదే."

ఆవిడ కొడుకు వైపు చూశారు. ఆయన తల దించుకున్నారు.

"ఊరంతా అడిగొచ్చినాను," అన్నారు మెల్లగా. "కొట్టోడిని అడిగినాను, దర్జీని అడిగినాను. ఈడ అడగనేదే!"

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. మేనేజరుకు తెలుగు రాదు. అయినా ముసలావిడ మొహం చూసి ఏమనుకున్నాడో, కాపలా ఆవిడకు సైగ చేశాడు. అడ్డకర్ర లేచింది. ఇవాళ్టికి లోపలికి వెళ్లండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందామన్నాడు. మా ఆయన గబగబా కారు స్టార్ట్ చేశారు.

అత్తగారు కారెక్కలేదు. "బాకీ ఉన్నోడింట్లో విస్తరెయ్యకూడదు," అన్నారు. వెనక కార్లకు దారిమ్మని కొడుక్కి చెప్పి, పక్కన గడ్డిలో చతికిలబడ్డారు. అరిటాకు అడిగారు. ఇచ్చాను. తీరా వడ్డించబోయి చెయ్యి ఆపారు.

"ఆ ఇల్లు అమ్మితే మొత్తం తీరుతాదా?"

"అమ్మా, అది నీ ఇల్లు. నీకోసమే కదా ఇదంతా..." మా ఆయన కారు పక్కన పెట్టి వచ్చారు.

"తీరుతాదా, తీరదా?"

"తీరుతుంది."

పూజారి లేడు, మంత్రం లేదు. ఒక్కొక్కటే ఆకులో పెట్టి, టీ మూతలో పోసి పక్కన ఉంచారు. రోడ్డు మీద కార్లు మెల్లగా మమ్మల్ని దాటుకుని లోపలికి పోతున్నాయి. ఆవిడ కొంగు సర్దుకుని, ఆకు ముందుకు వంగారు.

"అన్నా, ఇల్లు అమ్మీత్తన్నాం. ఇంక నీకు బాకీ లేదు. తిను."