ఎనిమిదో పొట్లం

ఈ ఉదయం కాఫీ తాగుతుండగా నా అరికాళ్ళ కింద నేల వణికింది. చెన్నై షోళింగనల్లూరులో మా కింది వాటాలోకి కొత్తగా వచ్చినవాళ్ళు హాల్లో ఊయల వేయిస్తున్నారు. వాళ్ళ కప్పే నాకు నేల. హామర్ డ్రిల్లు కాంక్రీటులోకి దిగేటప్పుడు దాని గొంతు బొంగురుగా, ఒకే తీరుగా ఉంటుంది. మొదటి మూడు రంధ్రాలకూ అలాగే ఉంది. నాలుగోదానికి మధ్యలో ఆ గొంతు సన్నబడి కీచుమంది. స్లాబులోని ఇనుప కమ్మికి తగిలిందన్నమాట. పట్టుకున్నవాడు ఇంకా గట్టిగా అదిమాడు. కీచు పెరిగింది, ఆగిపోయింది. గ్లాసు కింద పెట్టి చెవి ఒగ్గాను. కాసేపటికి బాల్కనీ వైపు నుంచి ఇంకో చప్పుడు వచ్చింది, ఇనుము మీద రంపపు బ్లేడు ఆడుతున్న చప్పుడు. నా చెయ్యి దానంతటదే టేబులు సొరుగు మీదికి వెళ్ళింది. ఆ సొరుగులో ఏముందో చెప్పాలంటే ముందు ఏసురత్నం గురించి చెప్పాలి.

మాది ఒకప్పుడు చిత్తూరు సరిహద్దున కొన్ని ఊళ్ళకు శిస్తు వసూలు చేసిన ఇల్లు. నేను పెద్దవాణ్ణయ్యేనాటికి మాకు మిగిలింది మద్రాసు చూలైలో ఒక అద్దె వాటా, వెండి పొన్ను ఊడిపోయిన తాతగారి చేతికర్ర, తెమలని ఒక దావా. మా నాయనగారు రోజూ పొద్దున్నే చిరిగిన బనీను మీద జరీ ఉత్తరీయం కప్పుకొని, ఎవరూ రాని వరండాలో నిటారుగా కూర్చునేవారు. "పైకి తగ్గకూడదురా. లోపలి సంగతి లోకానికెందుకు?" అనేవారు. ఆ మాట నాకు ఉగ్గుపాలతో వచ్చింది. బి.ఏ. చదివి ఉద్యోగం లేకుండా తిరుగుతున్న రోజుల్లో కూడా ఇస్త్రీ చొక్కా లేకుండా వీధిలోకి అడుగు పెట్టలేదు. మావాళ్ళు వెన్ను వంచరని చిన్నప్పటి నుంచీ విన్నాను. అది ఇప్పటికీ పూర్తిగా వంగదు, ఆ సంగతి దాచుకోను.

ఏసురత్నం మా వీధి చివర రేకుల కొట్టులో ఉండేవాడు. నాలుగు తరాలుగా మద్రాసులో ఉన్న కుటుంబం. అప్పటికింకా ఊరి పేరు మద్రాసే. యాభై దాటిన పొట్టి మనిషి, చెవుల మీది వెంట్రుకల్లో ఎప్పుడూ సిమెంటు దుమ్ము, మాట చివర అరవ 'పా'. ఉలీ సుత్తీ పట్టి గోడలకు రంధ్రాలు కొట్టిన మనిషి, రెండు కరెంటు డ్రిల్లులు సంపాదించి సొంతంగా పనులు ఒప్పుకుంటున్నాడు. ఊళ్ళో కొత్త ఆఫీసులు లేస్తున్న కాలం అది. ఏసీలకు బ్రాకెట్లు, బోర్డులకు బోల్టులు కావలసినవాళ్ళు ముందు ఇంగ్లీషులో ఉత్తరం ఇమ్మనేవారు. ఒకరోజు అతను చెప్పులు మెట్ల కింద విడిచి వరండా ముందు నిలబడ్డాడు.

"మీ అబ్బాయికి ఇంగ్లీషు వచ్చుగదా దొరా. నాకు రెండు ముక్కలు రాసిపెడితే చాలు."

నాయనగారు జవాబు చెప్పకుండా లోపలికి వెళ్ళిపోయారు. మా ఇంట్లో ఒప్పుకోవడం అంటే అదే. నేను అతన్ని నాయనగారిలాగే పేరు పెట్టి నువ్వు అని పిలిచాను. అతను నన్ను చిన్నదొర అన్నాడు. ఆ పిలుపులో నవ్వు కూడా ఉందని కనిపెట్టడానికి నాకు చాలా రోజులు పట్టింది.

వారం తిరక్కుండానే డ్రిల్లు తెచ్చి నా ముందు పెట్టాడు.

"నేను రాయడానికి వచ్చాను, ఏసురత్నం."

"రాయి పా, వద్దన్నానా? ఏమని రాస్తావు?"

"పన్నెండు రంధ్రాలు, ఒక్కొక్కటి నాలుగంగుళాల లోతు."

"ఏం గోడకి?"

"గోడకి. గోడ గోడే కదా."

అతను లోపల అన్నం వండుతున్న భార్యకు వినబడేలా కేకేశాడు. "మరియా, ఇన్నావా? గోడ గోడేనంట! ఇట్టే పోతే చిన్నదొర రేపు మనిషి మనిషేనని గూడా అంటాడు, చూడు!"

ఆమె నవ్వు వినిపించింది. నాకు చెవులు వేడెక్కాయి. ఆ వేడిలోనే డ్రిల్లు అందుకున్నాను.

మొదటి పాఠం నేను చెడగొట్టిందే. చూలైలోనే ఒక పాత ఇంట్లో అల్మారా తగిలించాలి. సున్నంతో కట్టిన నాటు ఇటుకల గోడ. నేను పెద్ద డ్రిల్లు తీసుకొని, సుత్తి దెబ్బ వేసే మీట తిప్పి, భుజం ఆనించి తోశాను. అన్నం పళ్ళెమంత పెచ్చు ఊడి నా బూట్ల మీద పడింది. ఏసురత్నం తిట్టలేదు. చిన్న డ్రిల్లు తీసుకొని, మీట తిప్పి సుత్తి దెబ్బ ఆపేసి, సన్నటి బిట్టుతో పక్కన చిటికెడు లోతు పొడిచాడు. రాలిన పొడి అరచేతిలో పట్టి నాకు చూపించాడు. "ఎర్రగా వస్తే ఇటుక, తెల్లగా ఇసకతో వస్తే సున్నం. వీటిని దెబ్బ ఎయ్యకుండా తిప్పుకుంటా పోవాల. బూడిద రంగుది కాంక్రీటు. దానికి దెబ్బ కావాల. మెరుస్తా వచ్చిందా, కమ్మి తగిలినట్టు. ఆడ ఆపెయ్యాల. ఎవురున్నా సరే, ఆపి, తగిలిందని చెప్పాల. ముందు గోడను అడుగు, తర్వాత మిషను తియ్యి."

బిట్టులు కొనడానికి జార్జి టౌనుకు తీసుకువెళ్ళేవాడు. తోపుడు బండ్ల మధ్య ఒళ్ళు ఒత్తుకుంటూ సందులోకి దూరితే గుమ్మమంత దుకాణం. నేను మెరిసే రంగు పూసిన బిట్టు చేతిలోకి తీసుకున్నాను. అతను దాన్ని నా చేతిలోంచి లాక్కొని గాజు బల్ల మీద దొర్లించాడు. అది ఎగిరెగిరి పడింది. "వంకర. మొహానికి పౌడరు ఏసుకొని వచ్చింది." ఇంకోటి తీసి, కొనన అతికించిన గట్టి లోహపు ముక్కను గోటితో తడిమాడు. ఆ ముక్క బిట్టు ఒంటి కంటే వెంట్రుకవాసి వెడల్పుగా ఉండాలి, లేకపోతే బిట్టు రంధ్రంలో బిగుసుకుపోతుంది. దుకాణదారుడు విసుక్కున్నాడు. "ఏం మేస్త్రీ, పెళ్ళికూతుర్ని చూస్తున్నావా?" "పెళ్ళికూతురైతే మనకి నచ్చకపోయినా పర్లే అన్నా. ఇది గోడకి నచ్చాల" అని నవ్వి, పద్నాలుగు తిరగేసి మూడు తీసుకున్నాడు.

అతని పనిలో ఇంకెక్కడా చూడని అలవాటు ఒకటుంది. రంధ్రం గుర్తు పెట్టగానే దాని కింద పాత పేపరుతో వేరుశనగ పొట్లంలాంటిది మడిచి గోడకు టేపుతో అంటించేవాడు. బిట్టు మీద కావలసిన లోతు దగ్గర ఇంకో టేపు చుట్టేవాడు. డ్రిల్లును తోయకుండా, నడుమ నడుమ వెనక్కి లాగుతూ పొడిని బయటికి రానిచ్చేవాడు. తర్వాత సైకిలు పంపుతో రంధ్రంలో మిగిలింది ఊదేవాడు. పొడంతా పొట్లంలో పడేది. గోడ మాయకూడదని చేస్తున్నాడనుకున్నాను. పని అయ్యాక పొట్లాలు విప్పేముందు ఒక్కొక్కటీ అరచేతిలో ఎత్తి చూస్తుంటే అదేదో చాదస్తమనుకున్నాను.

ఏడాది గడిచాక ఒక ఆఫీసు ముందు గోడ పని వచ్చింది. రెండో అంతస్తు దూలానికి మూడు ఏసీ బ్రాకెట్లు, ఒక్కోదానికి నాలుగు బోల్టులు. సరిగ్గా కింద బస్సు స్టాపు, దాని నీడలో మల్లెపూలు అమ్మే ఒకామె. మేము పరంజా ఎక్కుతుంటే ఆమె తలెత్తి అడిగింది, "అంత బరువు మా నెత్తిన పడదు గదా సామీ?"

"మేం పెట్టింది పడదమ్మా" అన్నాను, మా తాతగారు మాట్లాడినట్టు.

ఏసురత్నం రెండో పక్క గుర్తులు గీస్తున్నాడు. రంధ్రాలు నావి. ఏడు బాగా దిగాయి. అప్పుడు ఆఫీసు ఇంజనీరు కిటికీలోంచి తల బయట పెట్టాడు. నెల్లూరు మనిషి. ఉత్తరంలో నా ఇంటి పేరు చూశాడట. "మీరు ఆ దొరగారి మనవలా? మా తాత మీ దివాణంలో గుమాస్తా చేశాడండీ. ఆ చేతులతో ఈ పనా?" అన్నాడు. జాలి పడ్డాడో ముచ్చట పడ్డాడో నాకు తెలియదు. నేను వెన్ను ఇంకాస్త నిలబెట్టి ఎనిమిదోది మొదలుపెట్టాను. రెండంగుళాల దగ్గర డ్రిల్లు కీచుమంది.

ఆపి చెప్పాలి. చెబితే ఆ బ్రాకెట్టు జరపాలి, దాని మిగతా మూడు రంధ్రాలూ మళ్ళీ వేయాలి, అదీ ఆయన కళ్ళ ముందు. నేను చెప్పలేదు. ఆయన లోపలికి తిరిగిన నిమిషంలో బోల్టు వెనక సగం రంపంతో కోసేసి, మిగిలింది రంధ్రంలో దింపి, బ్రాకెట్టు తగిలించి నట్టు బిగించాను. కోసిన ముక్క చొక్కా జేబులో వేసుకున్నాను. పన్నెండూ అయ్యాక చూస్తే బయటికి ఆ బోల్టు మిగతా పదకొండింటిలాగే ఉంది. జరీ ఉత్తరీయం కింద బనీను లాగా.

మధ్యాహ్నం ఇంజనీరు పరంజా దగ్గరికి వచ్చాడు. ఏసురత్నం పొట్లాలు ఒక్కొక్కటే తీసి అరచేతిలో ఎత్తుతున్నాడు. ఎనిమిదోది ఎత్తి ఆగాడు. ఏడోది మళ్ళీ తీసి రెండో చేతిలో పెట్టుకున్నాడు. నా వైపు చూశాడు. తర్వాత ఇంజనీరు వైపు తిరిగాడు.

"సార్, నడిమి బ్రాకెట్టుకి నేను గీత తప్పు పెట్టినాను. జరపాల. సాయంత్రం దాకా పడతాది."

"ఇన్నేళ్ళ మేస్త్రీవి, టేపు పట్టడం రాదా నీకు?" ఇంజనీరు పది మంది వినేలా అరిచాడు. "పక్కన చదువుకున్న మనిషిని పెట్టుకొని కూడా ఇదేనా? ఆయన్ని చూసి నేర్చుకో!"

"సరే సార్" అన్నాడు ఏసురత్నం, తల వంచి. నేను పక్కనే నిటారుగా నిలబడి ఉన్నాను. ఇంజనీరు లోపలికి వెళ్ళిపోయాడు.

ఏసురత్నం గొంతు పెంచలేదు. "పొట్లం తేలిగ్గా ఉండాది. పొడి సగమే, లోతూ సగమే. నీ చొక్కా జేబు బరువుగా ఉండాది. ఇందాకట్నించి చూస్తా ఉండా, ఇస్త్రీ అంతా ఒక పక్కకి లాగేసింది."

నేను ముక్క తీసి ఇచ్చాను. అతను దాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూసి మళ్ళీ నా చేతిలోనే పెట్టాడు.

"ఎందుకు నీ మీద వేసుకున్నావు?" అని అడిగాను.

"నేను తల వంచితే ఏం పోతాది పా? మళ్ళా ఎత్తుకుంటా. నీకు వంచే అలవాటు లేదు, ఇరిగిపోతావేమోనని." కింద పూలావిడ వైపు గడ్డం చూపించాడు. "కానీ ఆయమ్మకి నీ మెడతో పనిలేదు. బోల్టు లోపల ఉందా లేదా, అంతే."

నేను పరంజా దిగాను. ఆ మెట్లు ఎంత పొడవనిపించాయో చెప్పలేను. ఇంజనీరు గదిలో బల్ల మీద ఆ ముక్క పెట్టి, "గీత తప్పు కాదండీ. కమ్మి తగిలితే బోల్టు కోసి దాచింది నేను. తిట్టవలసింది నన్ను" అన్నాను. ఆయన ముక్కను చూసి, నన్ను చూసి, "సరే, వెళ్ళి జరపండి" అన్నాడు. అంతే. ఆకాశం విరిగి పడలేదు. మా తాతగారి పేరు అక్కడే ఉంది. ముక్క తీసుకొని తిరిగి పైకెక్కి, "అన్నా, ఏ వైపు జరుపుదాం?" అని అడిగాను. పిలుపు మారిందని అతను గమనించాడో లేదో, "ఎడమకి, జానెడు" అన్నాడు. కమ్మి తగిలిన రంధ్రాన్నీ, మిగతా పాత రంధ్రాలనూ తనే సిమెంటుతో నింపాడు. కొత్త నాలుగూ నాతోనే వేయించి, నాలుగు పొట్లాలూ నా అరచేతిలోనే పెట్టాడు. చీకటి పడేముందు దిగుతుంటే పూలావిడ, "అయిపోయిందా సామీ?" అంది. ఈసారి నేను, "చూసి పెట్టామమ్మా" అన్నాను.

అతని దగ్గర ఎనిమిదేళ్ళు పనిచేశాను, తర్వాత సొంతంగా చేసుకున్నాను. అన్న పోయి చాలా కాలమైంది. పెట్టెను సమాధిలోకి దించేటప్పుడు తాడు ఒక కొస నేను పట్టుకున్నాను. నాయనగారి దావా ఏమైందో ఇప్పుడు ఎవరూ అడగరు. తాతగారి చేతికర్రను చెదలు తినేశాయి. ఆ ఇంటి నుంచి నాకు వెన్ను వచ్చింది, కాదనను. దాన్ని అవసరానికి వంచుకోవడం మాత్రం రేకుల కొట్టులో నేర్చుకున్నాను.

ఈ ఉదయం సొరుగు తెరిచి, బొటనవేలి కణుపంత ఆ ఇనుప ముక్క తీసుకొని కింది వాటాకు దిగాను. తలుపు తీసే ఉంది. కొత్త ఊయల పలక గోడకు ఆనించి ఉంది, దాని మీద ఒక చిన్నపిల్ల అప్పుడే బొమ్మను కూర్చోబెట్టింది. స్టూలు మీద ఉన్న పనివాడు శ్రీకాకుళం యాసలో, "అయిపోనాది సార్, చప్పుడు ఇంకుండదు" అన్నాడు. అతని ప్యాంటు జేబు ఒక పక్కకు లాగుతోంది.

"చప్పుడు గురించి కాదు తమ్ముడూ" అన్నాను. ఇంటివాళ్ళు వినేలా కాదు, అతనికి మాత్రమే వినబడేలా. చెయ్యి చాపి నా ముక్క చూపించాను. "ఇది నేను కోసింది."

అతను దాన్ని చూశాడు. తర్వాత స్టూలు దిగి, పానా అందుకొని, మళ్ళీ ఎక్కి నాలుగో బోల్టు నట్టు విప్పడం మొదలుపెట్టాడు. నేను అక్కడున్న పాత పేపరు తీసుకొని పొట్లం మడిచాను.