రెండు గంటల కూత

2016 వానాకాలంలో నన్ను జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద విజయనగరం నుంచి నెల్లిమర్లకు వేశారు. హోదా సివిల్ సర్జన్ స్పెషలిస్టు, పని మానసిక వైద్యం. ప్రతి బుధవారం అక్కడి ప్రభుత్వాసుపత్రిలో ఓపీ చూడాలి. గది మీద బోర్డు పెట్టవద్దని మొదటి రోజే చెప్పేశాను. 'మానసిక' అన్న మాట కనిపిస్తే సగం మంది వరండాలోంచే వెనక్కి తిరుగుతారు. అందుకని ఊళ్లో నాకు 'బుధవారం డాక్టరమ్మ' అన్న పేరు స్థిరపడింది.

పైడిరాజు అలా వచ్చిన మనిషే. జూట్ మిల్లులో నూలు వడికే మిషను మీద పని. తిండి సహించదు, నిద్ర పట్టదు, దేని మీదా మనసు లేదు. అప్పటికే చాలాకాలంగా సెలవులో ఉన్నాడు. డిప్రెషన్ అని తేల్చి పరాక్సిటీన్ అనే మందు మొదలుపెట్టాను. ఈ రకం మందు వేసుకున్న రోజునే గుణం చూపదు, కొన్ని వారాలు ఓపిక పట్టాలి. అతన్నీ భార్య సూరమ్మనీ కూర్చోబెట్టి అన్నీ చెప్పాను. సొంతంగా మానకూడదు. మరిచిపోతే మర్నాడు రెండు కలిపి మింగకూడదు. సారా ముట్టకూడదు. వేరే డాక్టరు దగ్గరికి వెళితే ఈ మందు సంగతి చెప్పాలి. మొదట్లో దిగులు పెరిగినా, చచ్చిపోవాలనిపించినా బుధవారం దాకా ఆగకుండా వెంటనే విజయనగరం పెద్దాసుపత్రికి రావాలి. మాత్ర మాత్రం రాత్రి భోజనం అయ్యాక.

మనిషి చక్కగా తేరుకున్నాడు. పనికి తగినవాడని ఫిట్‌నెస్ సర్టిఫికెట్ రాసి పంపాను. సూరమ్మ ఆ కాగితాన్ని కళ్లకద్దుకుంది.

పనిలో చేరాక మొదలైంది అసలు గొడవ. ఒక బుధవారం సూరమ్మ అతన్ని జబ్బ పట్టుకుని నడిపించుకొచ్చింది. తల తిరగడం, వాంతులు, తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం, అయినదానికీ కానిదానికీ కోపం. అంతకుముందూ ఒకసారి ఇలాగే వచ్చి, దానంతటదే తగ్గిందట. ఈసారి మిషను ముందు తూలి పడబోతే పక్కవాడు చొక్కా పట్టి వెనక్కి లాగాడు. లాగకపోతే చెయ్యి పోయేది. ఆ పక్కవాడు సూరమ్మ తమ్ముడే, అప్పారావు. అతనూ వెంట వచ్చాడు, నాతో తేల్చుకుందామనే వచ్చాడు.

"ఆ మాత్రలే మా బావని తినేస్తన్నాయి డాక్టరమ్మా. ఇయాలే అట్టుకెళ్లి సంపావతి ఏట్లో పారేస్తాను," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఉన్నపళంగా మానేస్తే ఇంతకంటే పాట్లు పడతాడు, పోయిన జబ్బు తిరిగొస్తుంది, మిషను మీద బతుకు అంతటితో సరి. అది చెప్పబోతుంటే సూరమ్మ, తమ్ముణ్ణి ఆపి, రాత్రి డ్యూటీ వారం వచ్చేసరికే మనిషి ఇలా అయిపోతున్నాడని అంది. నేను ఆ మాట పట్టుకున్నాను. మిల్లులో మూడు షిఫ్టులు. ఎ షిఫ్టు పొద్దున్న ఆరు నుంచి రెండు దాకా, బి షిఫ్టు రెండు నుంచి రాత్రి పది దాకా, సి షిఫ్టు పది నుంచి తెల్లారి ఆరు దాకా. వారానికొకసారి మారుతుంటాయి. జబ్బుకు షిఫ్టులు తెలియవు కదా!

సి షిఫ్టు వారంలో మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నావని పైడిరాజును అడిగాను. నా ప్రశ్నే అతనికి వింతగా తోచింది.

"అది రాతిరి తిని పడుకునేటప్పుడు ఏసుకునే మాత్ర గదమ్మా. ఆ వారం నాను రాతిరి పడుకోను గదా. నిద్దర మాత్ర ఏసుకుని మిషను మీద కునుకు తీస్తే సెయ్యి పోతాది. అందుకే జాగర్తగా మానీసినాను."

చెయ్యి పోకుండా చూసుకోవాలనే మానేశాడు పాపం, ఆ మానడమే చేతి మీదికి తెచ్చింది. ఓపీకి వచ్చిన ప్రతిసారీ మాత్ర మానలేదని ఎంతో నమ్మకంగా చెప్పాడు. అందులో అబద్ధం లేదు. అతని లెక్కలో ఆ వారానికి రాత్రే లేదు. చిక్కు ఎక్కడుందో దొరికినందుకు నాకు పట్టరానంత సంతోషం కలిగింది. అది నిద్రమాత్ర కాదనీ, ఈ మందు ఒంట్లోంచి త్వరగా దిగిపోయే రకమనీ, హఠాత్తుగా ఆపితే ఒళ్లు ఇలాగే గోల పెడుతుందనీ వివరించాను. అయితే అలవాటు పడిపోయినట్టే కదా అని అప్పారావు అడ్డం తగిలాడు. సారాకి అలవాటు పడ్డవాడు ఇంకా ఇంకా కావాలంటాడు, మీ బావ ఎన్నడైనా ఇంకో మాత్ర అడిగాడా అన్నాను. వేళ వచ్చినప్పుడు నేనే మెల్లగా తగ్గించి మాన్పిస్తాను, నువ్వే చూద్దువుగాని అని పందెం కట్టినట్టే చెప్పాను.

మందు మళ్లీ తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, నేను సరేననేదాకా మిషను జోలికి పంపవద్దని రాసిచ్చాను. ఇక వేళ కుదరాలి. షిఫ్టు మారినా మారనిది ఏముందని ఆలోచిస్తుంటే మిల్లు సైరన్ కూసింది. రెండు గంటల కూత. ఎ షిఫ్టు దిగేటప్పుడు అదే, బి షిఫ్టు ఎక్కేటప్పుడు అదే, సి షిఫ్టు వారం ఇంట్లో పడుకున్నవాణ్ణి అన్నానికి లేపేదీ అదే. ఈ మందుతో అతనికి మత్తు రావడం లేదని అడిగి రూఢి చేసుకుని, కూతకే మాత్ర అని తేల్చాను. సెలవు రోజున కూత ఉండదే అని పైడిరాజు సందేహం.

"ఆ రోజు నానే కూస్తాను," అంది సూరమ్మ.

తర్వాతి సి షిఫ్టు వారంలో పైడిరాజు డ్యూటీ దిగి తిన్నగా ఆసుపత్రికి వచ్చి, నేను వచ్చేసరికి గది ముందు కాచుకుని ఉన్నాడు, జుట్టు నిండా నార దుమ్ము. అప్పటికి మిషను మీదికి వెళ్లవచ్చని రాసిచ్చి ఉన్నాను. తల తిరగలేదని, రాత్రంతా తన మిషను తనే నడిపానని చెప్పాడు. ఆ తర్వాత ఏడాది పైగా మందు సాగింది. పిమ్మట నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించి పూర్తిగా ఆపాను. ఒళ్లు వణకలేదు, దిగులు తిరిగి రాలేదు. పందెం నేనే నెగ్గాను.

పైడిరాజు చివరిసారి చూపించుకోవడానికి వచ్చిన బుధవారం బావ వెనక అప్పారావు కూడా ఉన్నాడు. కాసేపు నసిగి, జేబులోంచి తన బీపీ మాత్రల అట్ట తీశాడు.

"నాను కూడా రాతిరి డ్యూటీలో ఇది మానీస్తన్నానమ్మా. దీన్ని ఏ కూతకి ఏసుకోమంతారు?"

పదవీ విరమణ దాకా నేను మందుచీటీ మీద 'రాత్రి' అని రాసే ముందు, ఆ మనిషికి రాత్రి ఎప్పుడో అడుగుతూనే వచ్చాను.