ఐసు కరగనివ్వని కుట్టు

నేను అల్లిందీ, మా అమ్మ విప్పిందీ కలిపి పరిస్తే ఆ దారం బందరు నుంచి అవనిగడ్డ దాకా వెళ్ళి తిరిగొస్తుంది. ఇవి కోతలు కావు. సరే, కొంచెం కోతలే.

అమ్మ చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో ఉండి లేసు అల్లడం నేర్చుకుంది. తెల్లటి సన్న దారం, కొక్కెం ఉన్న సూది, అంతే సరంజామా. మా చర్చిలో బల్ల మీద పరిచే గుడ్డకి అంచు ఆమె వేసిందే. మా వీధిలో సగం ఇళ్ళల్లో టీవీల మీద కప్పే గుడ్డలు ఆమె చేతివే. నాకు పదేళ్ళప్పుడు నా చేతికీ ఒక సూది ఇచ్చింది. నాలుగు వరసలు అల్లి గంతులేస్తూ తీసుకెళ్ళేదాన్ని. ఆమె కళ్ళతో చూసేది కాదు, వేలితో తడిమేది. వేలు ఒకచోట ఆగేది. "ఇక్కడ" అని కొస పట్టుకుని ఒక్క లాగు లాగేది. జర్రున మొత్తం ఊడొచ్చేది. కోపంతో కాదు, చిక్కుడుకాయకి ఈనె తీసినంత మామూలుగా. "మళ్ళీ అల్లు" అనేది. నాకు ఏడుపొచ్చేది. ఇప్పుడు నలభై ఆరేళ్ళొచ్చాయి, ఇంతవరకూ ఒక్క టేబుల్ మ్యాటు పూర్తి చేసిన పాపాన పోలేదు.

కిందటేడు అక్టోబరులో మా చర్చి స్త్రీల సమాజం వాళ్ళు జనవరిలో సిమ్లా వెళ్ళాలని తీర్మానం చేశారు. మంచు చూడటానికి! పద్నాలుగు మందిమి, అందరం ఈ ఉప్పుగాలిలో పుట్టి పెరిగినవాళ్ళం. మాకు చలికాలమంటే ఫ్యాను అయిదు మీద నుంచి రెండు మీదకి తిప్పడం. ఆ రోజు ఇంటికి నడుచుకుంటూ వచ్చానో ఎగురుకుంటూ వచ్చానో గుర్తు లేదు.

"అమ్మా, నువ్వూ వస్తున్నావ్!" అన్నాను గుమ్మంలోంచే.

అమ్మకి డెబ్భై మూడు. హిమం అనే మాట బైబిల్లో ఎన్నిసార్లు చదివిందో లెక్కే లేదు, కంటితో ఒక్కసారి చూడలేదు. కాకపోతే ఆయాసం ఉంది. డాక్టరు గారు "వెళ్ళొచ్చండీ, ఛాతీ, చెవులు మాత్రం వెచ్చగా ఉంచుకోండి" అన్నారు. అయినా అమ్మ ఒప్పుకోలేదు. ఒప్పుకోనని చెప్పనూ లేదు. ఒక షరతు పెట్టింది.

"కొన్న స్వెట్టరు నాకొద్దు. నువ్వు అల్లు. అది తొడుక్కుని ఐసు ఫ్యాక్టరీలో పది నిమిషాలు కూర్చోగలిగితే వస్తా."

నాకు అర్థమైంది. అందరి మధ్యలో ఆయాసం వస్తే వాళ్ళ సరదా పాడవుతుందని ఆమె భయం. నేను అల్లను, అల్లినా పూర్తి చెయ్యను, కాబట్టి గొడవే లేదని ఆమె లెక్క. కాదనకుండా కాదనడమంటే అదే. నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మని ఇంట్లో వదిలేసి నేనొక్కదాన్నీ మంచు చూసి ఏం చేసుకోను?

అయితే అమ్మ ఒక సంగతి మర్చిపోయింది. మాకు పదేళ్ళుగా చేపలు తెచ్చే ఆవిడ ఆ సమయంలో వరండాలోనే కూర్చుని పండుగప్పకి పొలుసు గీస్తోంది. ఆవిడ కత్తిపీట పక్కన పెట్టేసింది. "గిలకలదిండి ఐసు ఫ్యాక్టరీలో మా తమ్ముడే కదమ్మా చేసేది! నేను దగ్గరుండి కూర్చోబెడతా. తలుపు తెరిచే ఉంచుతాంలే" అంది. అమ్మ మొహం చూడాలి!

మర్నాడే గుడివాడ బస్సెక్కాను. అక్కడ ఫ్యాన్సీ షాపాయన అద్దాల బీరువాలోంచి ఊలు ఉండలు తీసి దుమ్ము దులుపుతూ "పసిపిల్లల టోపీకాండీ?" అన్నాడు. "మా అమ్మకి కోటుకండీ, సిమ్లా వెళ్తోంది" అన్నాను, టిక్కెట్లు చేతిలో ఉన్నట్టే. ఉన్న మెరూన్ ఊలంతా ఇచ్చేశాడు.

ఇక ఏ కుట్టు? అమ్మ విద్యంతా చిల్లుల్లో ఉంది. చిల్లులు ఎంత ముచ్చటగా ఉంటే లేసు అంత గొప్ప. చలికి కావలసింది చిల్లు లేకపోవడం. ఫోన్లో వీడియోలు చూస్తూ కూర్చున్నాను. అబ్బ, ఎన్ని రకాలు! రేగుపళ్ళు అతికించినట్టు ఉబ్బెత్తుగా వచ్చే బొడిపెలు. జడలా మెలికలు తిరిగేది. చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పరుచుకునేది. కుట్టు తలలో కాకుండా దాని నడుం చుట్టూ సూది తిప్పి లాగితే గుంటలు గుంటలుగా వచ్చే గళ్ళ కుట్టు. ఒక్కోటీ అరచేతంత ముక్క అల్లాను. ప్రతి ముక్క అల్లినప్పుడూ ఇదే, ఇంతకు మించింది లేదు అనుకున్నాను. మరుసటి ముక్కతో ఆ మాట మార్చాను. వారానికల్లా నా ఒళ్ళో నాలుగు ముక్కలు, తలలో నాలుగు కోట్లు. నా మనసు మాత్రం పొలుసుల మీదే. అది తొడుక్కుని అమ్మ మంచులో నడిచొస్తుంటే సిమ్లా అంతా వెనక్కి తిరిగి చూడదూ?

చేపలావిడకీ అదే నచ్చుతుందనుకున్నాను. ఆవిడ నాలుగూ తిప్పి తిప్పి చూసి, "అందం సంగతి నాకెందుకు గానీ, వెచ్చనిదేదో ఐసు చెప్పుద్ది" అంది.

"ఐసు చెప్పడమేంటి?"

"ఎండ లోపలికి రాకపోతే ఐసు కరగదు. వేడిని ఆపేది చలినీ ఆపుద్ది. మేం గోనెపట్టా చూసుకునేది అట్టాగే కదా!"

ఆవిడ తన చేపల పెట్టెలోంచి ఐసు తీసింది. నాలుగు సమానమైన ఐసు ముక్కలు కొట్టి, నా నాలుగు అల్లికల్లో చుట్టి, పళ్ళెంలో పెట్టి వరండాలో ఎండలో పెట్టింది. ఇద్దరం పక్కనే గొంతుక్కూర్చున్నాం. అమ్మ లోపల కూర్చుని కళ్ళజోడు మీదుగా ఇటే చూస్తోంది, చూడనట్టు. మొదట బొడిపెలది నీళ్ళయింది. బొడిపెకీ బొడిపెకీ మధ్య సందులు మరి. తర్వాత జడ. పొలుసులు చాలాసేపు పోరాడాయి, నేను "నిలబడు, నిలబడు" అని పక్కనుంచి అరిచాను కూడా, కానీ ఓడిపోయాయి. పైగా అరచేతంత ముక్కకే సగం ఉండ మింగేసిన కుట్టు అది, కోటంతా అదే అయితే అమ్మ మోయలేదు. చివరికి గళ్ళ కుట్టు విప్పి చూస్తే ఇంకా ఉసిరికాయంత ఐసు ఉంది!

"గుంటల్లో గాలి నిలబడిపోద్ది. థర్మాకోల్ పెట్టె సంగతీ అంతేగా" అంది చేపలావిడ, కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ. ఇద్దరం చేతులు పట్టుకుని చిన్నపిల్లల్లా కేకలేశాం. పక్కింటి పిన్నిగారు గోడ మీంచి చూసి "ఏమైందమ్మా?" అన్నారు.

నవంబరు నెలంతా అల్లాను. ఒళ్ళో ఊలు, నడినెత్తిన ఫ్యాను, మొహమంతా చెమట. మెరూన్ అయిపోతే చేతులు పసుపు రంగులో అల్లాను. ఎన్నోసార్లు విసుగొచ్చి పక్కన పడేశాను, ఐసు ముక్క గుర్తొచ్చి మళ్ళీ తీశాను. డిసెంబరు మొదటి వారంలో ఆఖరి గుండీ కుట్టాక గదిలో ఒక్కదాన్నే చిందులేశాను. జన్మలో మొదటిసారి ఒక పని పూర్తి చేశాను మరి!

ఆటోలో గిలకలదిండి వెళ్ళాం. అమ్మ ఒంటి మీద మెరూన్, పసుపు కోటు, తలకి మఫ్లరు, ఇన్‌హేలరు నా చేతిలో. ఫ్యాక్టరీలో చేపలావిడ తమ్ముడు పొగలు కక్కే ఐసు దిమ్మల మధ్య ప్లాస్టిక్ కుర్చీ వేసి, "కూర్చోండమ్మగారూ" అని ఎంతో మర్యాదగా అన్నాడు. మూడు నిమిషాలకి నా పళ్ళు టకటకలాడుతున్నాయి. అమ్మ నెమ్మదిగా ఊపిరి తీసుకుంటూ, పెళ్ళిలో కూర్చున్నట్టు కూర్చుంది.

"పది అయ్యిందమ్మా, లెగు" అంది చేపలావిడ ఫోన్ చూసి.

"ఇంకో రెండు నిమిషాలు ఉంటా. హాయిగా ఉంది" అంది అమ్మ.

నేను ఎగిరి గంతెయ్యబోయాను. అప్పుడే అమ్మ వేలు కోటు మీద నడవడం మొదలుపెట్టింది. భుజం, ఛాతీ, గళ్ళ వెంట ఒక్కొక్క వరసే. గుండెకి కాస్త కింద ఆగింది.

"ఇక్కడ" అంది.

నాకు మళ్ళీ పదేళ్ళొచ్చేశాయి. ఆమె వేళ్ళు అంచు దగ్గరికి పోయి నేను సరిగ్గా దాచని ఊలు కొస పట్టుకున్నాయి. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. జర్రుమనే చప్పుడు కోసం చూశాను. రాలేదు. కళ్ళు తెరిస్తే అమ్మ మఫ్లరుకి పెట్టుకున్న పిన్నీసు తీసి, దాంతో ఆ కొసని గళ్ళ లోపలికి దోపుతోంది.

"కుట్టు తప్పింది కదా. విప్పవా?" అన్నాను.

"విప్పితే నేను రైలెక్కేదెట్టాగే?"

నేను పక్కనున్న ఐసు దిమ్మ మీద కూలబడి ఏడవబోయి, కింద చురుక్కుమనేసరికి కేకేసి లేచాను.