మందు కొట్టని మూడు సాళ్లు

తొంభైల చివర్లో గుంటూరు దగ్గర మిరప పరిశోధనలో చేరిన నాకు కావలసిందల్లా ఒక్క మంచి పేపరు. అది జర్నల్‌లో రావాలి, మిగతా సైంటిస్టులు తమ పేపర్లలో దాన్ని ఉదహరించాలి. అలా ఎంతమంది ఉదహరించారన్నదే మా లోకంలో మనిషి విలువ. నాకు ప్రమోషన్ కావాలి. ఆ మాట చెప్పుకోవడానికి అప్పుడూ సిగ్గుపడలేదు, ఇప్పుడూ పడను.

ప్రత్తిపాడు వైపు రోడ్డు పక్కనే ఒక సాయిబు గారి చేలో ప్రయోగం పెట్టాను. మిరపాకును ముడుచుకుపోయేలా చేసే తామర పురుగుకు అక్కడ వారం వారం మందు కొట్టేవాళ్లు. పురుగులు ఒక లెక్క దాటినప్పుడే కొడితే చాలదా అన్నది నా ప్రశ్న. అది తేలాలంటే పోల్చి చూడటానికి మూడు సాళ్లకు అసలు మందే తగలకూడదు. ఆయన సరేనన్నారు.

వారానికోసారి బస్సు దిగి, భూతద్దంతో ఆకాకూ తిప్పి పురుగులు లెక్కపెట్టేదాన్ని. మందు కొట్టని సాళ్లలో మొదట ముడత బాగానే వచ్చింది, తర్వాత దానంతటదే తగ్గింది. మా పెద్ద సైంటిస్టు గారు నా లెక్కల పుస్తకం చూసి కుర్చీలోంచి లేచారు.

"మందు లేకుండానే మిరప కోలుకుందంటే ఇక అందరూ మన పేపరే ఉదహరిస్తారమ్మా," అన్నారు.

నేనూ సంతోషంతో ఊగిపోయాను. ఆ మరుసటి వారం లెక్క ముగించుకుని చెమట తుడుచుకుంటుంటే నా వేళ్లు మందు వాసన కొట్టాయి. అప్పటిదాకా నేను తిప్పినవి ఆ మూడు సాళ్ల ఆకులే.

"బాబాయ్ గారూ, వీటికి మందు కొట్టారా?" అన్నాను.

సాయిబు గారు రోడ్డు వైపు చెయ్యి చూపించారు. "కొట్టానండి. దారినపోయే ప్రతివాడూ 'ఏం సాయిబూ, చేను గాలికొదిలేశావా?' అంటా ఉంటే తల ఎత్తుకోలేకపోయా. మీరు రాని రోజు చూసుకుని పొద్దున్నే కొట్టా."

ఆయన మీద వచ్చిన కోపం బస్సెక్కేదాకా కూడా నిలవలేదు. నా మీద వచ్చింది మాత్రం పోలేదు. రోడ్డు పక్కన ముడుచుకున్న చేను ఉంటే రైతుకెంత నామర్దానో ఈ నేల మీద పుట్టిన నాకు తెలియదా?

ఆఫీసుకెళ్లి విషయం చెబితే మా పెద్దాయన గొంతు తగ్గించారు. "ఈ సంగతి ఎవరికి తెలుస్తుందమ్మా? నోటిదాకా వచ్చిన ముద్దను పారేసుకుంటావా?"

"ఈ పేపరు నమ్మి ఎవరైనా మందు మానేస్తే వాళ్ల చేను పోతుందండి," అన్నాను.

పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటావు అని విసుక్కున్నారు. ఆ ఏడాది లెక్కలన్నిటి మీదా అడ్డంగా గీత కొట్టి, చెల్లవని రాసి సంతకం పెట్టాను. ఆ ప్రమోషన్ నాతోపాటు చేరినతనికి వెళ్లింది. ఇంటికొచ్చి ఏడ్చాను. ఏడ్చి, మరుసటి సీజన్‌కు నారు ఎప్పుడు పోయాలో రాసుకున్నాను.

మళ్లీ అదే చేను అడిగితే సాయిబు గారు ఒక్క షరతు పెట్టారు. "రోడ్డు మీదికి బోర్డు పెట్టించండి. దాని మీద మీ పేరే ఉండాలి. నవ్వేవాళ్లు మిమ్మల్ని చూసి నవ్వుకుంటారు."

పెట్టించాను. రెండేళ్లు ఊరంతా 'మేడం గారి చేను' అని నవ్వింది. ఎండిన సాళ్ల మధ్య నా పేరు పెద్దక్షరాల్లో ఉండేది. ఈసారి ఒక్క చుక్క మందు పడలేదు. మందు పూర్తిగా మానడం కుదరదు కానీ, లెక్క చూసి కొడితే సగానికి సగం తగ్గించుకోవచ్చని తేలింది. పేపరు వచ్చింది. మొదటి ఏడాది లెక్కలు ఎందుకు పారేశామో చెప్పే వాక్యాన్ని పెద్దాయన కొట్టేస్తే నేను మళ్లీ రాశాను.

ఏళ్ల తరబడి ఆ పేపరును ఎవరూ పట్టించుకోలేదు. ప్రమోషన్ ఇంటర్వ్యూలో సైటేషన్లెన్ని, అంటే ఎంతమంది ఉదహరించారు అని అడిగితే సున్నా అని గట్టిగానే చెప్పాను. చివరికి ఒకరోజు లైబ్రరీ కంప్యూటర్‌లో మొదటిది కనిపించింది. ఎక్కడో పత్తి మీద పనిచేసే ఒకావిడ, రైతు మందు కొట్టేశాడన్న ఆ ఒక్క వాక్యాన్నే ఉదహరించింది. తన చేలోనూ అదే జరిగిందట, ఆవిడా ఆ ఏడాది లెక్కలు పారేసిందట.

ఆ కాగితం పట్టుకుని సాయిబు గారి దగ్గరికి వెళ్లి చదివి చెప్పాను.

"నేను కొట్టిన సంగతి కూడా రాశారా?"

"రాశానండి. మీ పేరు మాత్రం రాయలేదు. పదిమందిలో మీ పరువు పోతుందని."

"రెండేళ్లు మీ పేరు నా చేలో నిలబెట్టి జనాన్ని నవ్వించాను గదండీ," అన్నారాయన. "నా పేరు మీ కాయితంలో పడితే ఏం పోయింది?"

తర్వాతి పేపరులో నా పేరు పక్కన ఆయన పేరు పెట్టాను. రెండో రచయిత ఏ సంస్థలో పనిచేస్తారని జర్నల్ వాళ్లు ఉత్తరం రాశారు. ఊరి పేరు, చేను సర్వే నంబరు రాసి పంపాను.